ఊరుమ్మడి నెట్టు

అప్పుడే డిగ్రీ ముగించి అనంతపురం నుంచి ఊరికి చేరిన రోజులవి. లోకాన్ని బాగుచేసే పని నా ఒక్కడి నెత్తినే ఉందని గట్టి నమ్మకం (లోకానికి ఆ సంగతి తెలియదు). బెళుగుప్ప దగ్గరి మా ఊరి గ్రామసభలో లేచి, "వీధి దీపం, కొళాయి ఎట్లనో నెట్టు కూడా అట్లనే! పంచాయతీ దుడ్లతోనే పెట్టల్ల!" అని గొంతు చించుకున్నాను. "తాగేకి నీళ్లు లేవు గానీ నెట్టంట!" అన్నాడొక పెద్దాయన. మా పక్కింటి అవ్వ మాత్రం కంగారుపడి, "యాడికి నెట్టల్లప్పా? నాకు మోకాళ్ల నొప్పులు" అనింది. సభంతా గొల్లున నవ్వింది. "కువైట్‌కు పనికి పోయిన నీ కూతురి మొగం కనపడుతుందవ్వా" అని నేను విడమరచి చెప్పాక అవ్వ లేచి నిలబడింది. "అట్లయితే పెట్టండప్పా! నీళ్లు పడకపోయినా బోరు మీద బోరు ఏస్తానే ఉండారు గదా, ఇది గూడా ఒకతూరి ఏసి సూడండి!" నా ఉపన్యాసం వల్ల కానిది ఆ మాటతో అయింది.

పంచాయతీ ఆఫీసుకు నెట్టు వచ్చింది. అవ్వ కూతురు నాకు అక్క వరస. ఆమెకు సెలవైన శుక్రవారాల్లో ఆ ఆఫీసులోనే వీడియో కాల్. కువైట్ దూరం కదా అని అవ్వ అరిచి మాట్లాడేది, వాళ్లింటి గుట్లన్నీ ఊరికి తెలిసిపోయేవి. ఏడాది తిరక్కుండానే "ఎవరి రీచార్జి వాళ్లదే" అని పంచాయతీ దాన్ని తీయించేసింది. ఫోన్లో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. అవ్వ ఎక్కలేదు.

ఇక నేనే నెట్టునయ్యాను. గుట్ట మీద అక్క వీడియో దించుకొచ్చి అవ్వకు చూపించి, అవ్వ మాటలు రికార్డు చేసుకుని మళ్లీ గుట్టెక్కేవాణ్ణి. రికార్డింగంటే ఏమిటో ఎంత చెప్పినా ఆమెకు అర్థమయ్యేది కాదు. "నేను సెప్పేది ఇనకుండానే మాట్లాడతాండావేమే!" అని ఫోన్‌ను కసురుకుని, "నా పాపకు నామింద కోపమా అప్పా?" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. గుట్టెక్కి అక్కకు ఆ సంగతి చెప్పాను.

తర్వాతి శుక్రవారం నేను దించుకొచ్చిన వీడియోలో అక్క, "అన్నం తింటివా మా?" అని అడిగి, ఊరికే నవ్వుతూ చూస్తూ ఉండిపోయింది. "తింటి పాపా, రాగిసంగటి" అనింది అవ్వ. అక్క తలూపింది. "సూస్తివా, ఇంటాంది నా పాప!" అని అవ్వ మొహం వెలిగిపోయింది.

ఆ వానాకాలంలోనే అవ్వ పోయింది. అక్కకు సెలవు దొరకలేదు. కడసారి చూపు కూడా నేను గుట్టెక్కి పంపిన వీడియోలోనే. ఆ నెట్టు తిరిగి పెట్టమని గ్రామసభలో ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

అక్క వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది. అప్పుడప్పుడు పెట్టుకుంటాను. "అన్నం తింటివా మా?" అని అడిగి అక్క ఆగుతుంది. ఎవరో ఒకరు చెప్పాలి కదా. "తినిందిలే అక్కా" అని నేనే అనేసి, ఇద్దరు బిడ్డల తండ్రివి, నీకిదేం పిచ్చిరా అని నాలో నేనే నవ్వుకుంటాను.