కొస బిందె వెనక డ్రమ్ము

మా ఎదురింటావిడ మొన్న ఆదివారం నిద్రలోనే పోయింది. సంతాప సభలో మీరు చాలామంది “వీధికంతా నీళ్లు పోసిన తల్లి” అన్నారు. కాదు. ఆవిడ ఎవరికీ ఊరికే చెంబెడు నీళ్లు పోసి ఎరగదు. మనచేత ఒకరికొకరం పోసుకునేలా చేసింది. అది ఇంకా కష్టమైన పని.

తొంభైల్లో మన గాజువాక వీధికి కుళాయిల్లేవు, ట్యాంకరే దిక్కు. అది ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టుల వల్ల సగం ఇళ్లకు తాళాలు. అందుకని బిందెలు పొద్దున్నే వరసగా పెట్టేసేవాళ్లం. ఇంట్లో ఉన్నవాళ్లు తమ వెనక బిందె కూడా నింపాలి. అదీ ఆవిడ పెట్టిన పద్ధతి. పుట్టిల్లు యారాడ, జాలరి కుటుంబం. “వల లాగాలంటే కొసనున్నోడి సెయ్యి కూడా కావాల, టీచరమ్మా” అనేది నాతో.

ఒక వేసవిలో ఆనందపురం వైపు నుంచి చంటిబిడ్డతో కొత్త కాపురం దిగింది. వాళ్ల బిందెలు వరస చివర. కొద్దిరోజులకే మేడింటాయన లేచాడు.

“ఆల బిందెలు మనం నింపుతన్నాం. ఆ పిల్ల ఒకరికైనా నింపిందేటి? రేపట్నుంచి వరసలో ఎట్టనివ్వకండి.”

నలుగురూ తలలూపారు. బిడ్డనెత్తుకుని ఆ పిల్ల గుమ్మంలోంచి వింటూనే ఉంది. ఎండలు మండుతున్నాయి, ఆ వరస తప్పితే ఆ ఇంటికి వేరే నీళ్లు లేవు.

ఎదురింటావిడ వరస చివరిదాకా నడిచింది. “ఈ పిల్ల ఎనకాల ఎవులున్నారన్నయ్యా, నింపడానికి?”

ఎవరూ లేరు.

ఎప్పుడూ మొదట ఉండే తన నీలం డ్రమ్మును ఆవిడ దొర్లించుకొచ్చి ఆ బిందెల వెనక పెట్టింది. “నానిక్కడే ఉంతాను.” ట్యాంకర్ అడుగంటితే ముందు ఎండేది ఆ కొసే.

మర్నాడు ట్యాంకర్ వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లో లేదు. ఆ పిల్ల తన బిందెలు ఎత్తుకుని లోపలికి పోయింది. డ్రమ్ము ఖాళీ. నేను నాలుక సానపెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ వచ్చి చూసి, గ్లాసు పట్టుకుని ఆ గుమ్మానికే వెళ్లింది. “ఏటమ్మా, టీకి ఓ గ్లాసుడు నీలున్నాయా?” అక్కడే కూర్చుని బిడ్డకు నూనె రాసి మరీ వచ్చింది.

“డ్రమ్ము సంగతి అడిగావా?” అన్నాను.

“ముందు మనిషి తెలవాల టీచరమ్మా. అప్పుడు డ్రమ్ము కనబడతాది.”

తర్వాతిసారి డ్రమ్ము అంచుదాకా నిండి, మూతతో ఉంది. మేడింటాయన భార్య ఆస్పత్రిలో పడ్డప్పుడు వాళ్ల బిందెలు నింపిందీ ఆ పిల్లే. ఆ సంగతి ఆయనకు గుర్తుచేయడం నేనింకా మానలేదు.

ఎదురింటావిడ శాంతమూర్తి అనుకునేరు. నా కాఫీని కడుగునీళ్లనేది. రెండో గ్లాసు అడిగేది.

ఇప్పుడు ఇంటింటా కుళాయి. పైపు పగలడంతో ఈ వారం మళ్లీ ట్యాంకర్ వస్తోంది. చివరి వాటాలో దిగిన కొత్త కుర్రాళ్ల బకెట్ వరస కొసన ఉంది. ఆనందపురం పిల్ల నీలం డ్రమ్ము కడిగి ఉంచింది గానీ దాని మూత పగిలింది. ఆటోనగర్ వైపు పనికెళ్లేవాళ్లు ఎవరైనా సాయంత్రం ఒక మూత తెండి. మూత కొలత తీసిన తాడు నా దగ్గరుంది. పొద్దున్నే డ్రమ్మును ఆ బకెట్ వెనక పెట్టండి. ఎత్తక్కర్లేదు, దొర్లిస్తే చాలు. దానికి దారి తెలుసు.