చెప్పులు విడిచిన వరుస

జాంబియాలో ఆరేళ్లుండి మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌కు మారాం. బాపట్ల నుంచి వచ్చిన మా అత్తయ్యను ఒక చలి ఆదివారం చర్చికి తీసుకెళ్లాను. ఆవిడ అలవాటుగా చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది.

“ఇక్కడెవరూ షూస్ విప్పరత్తయ్యా, వేసుకు రండి” అన్నాను చెవిలో.

“దేవుడి దగ్గరికి చెప్పులతో ఎట్టా వస్తానమ్మా?” అని గట్టిగానే అడిగింది.

అందరూ తిరిగి చూశారు. సిగ్గుతో తల దించుకున్నాను. మా వరుసలోనే కూర్చున్న, జాంబియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దావిడ సంగతేమిటని అడిగితే నసుగుతూ చెప్పాను. ఆవిడ వంగి, బూట్ల లేసులు విప్పి, వట్టి పాదాలు చల్లటి నేల మీద పెట్టింది. ఆవిడను చూసి పక్కనే ఉన్న ఆవిడ మనవరాళ్లూ విప్పేశారు.

వాళ్ల దేశంలో ఆరేళ్లున్నా, అత్తయ్యకు పదేళ్లుగా కోడలినైనా, ఆ రోజు మా వరుసలో షూస్‌తో మిగిలింది నేనొక్కదాన్నే.