ఉస్తాదు దించిన కర్ర

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. పసివాడు కూడా పలకగలడు. ఆత్మకూరులో ఒక పొద్దున, పదిమంది ముందు, అనవలసిన క్షణంలో నేను దాన్ని అనలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని ఎన్నిసార్లు బయలుదేరానో, ఎన్నిసార్లు సగం దారిలో వెనక్కి తిరిగానో నాకే గుర్తులేదు.

మస్తాను ఉస్తాదు ఉదయగిరి కొండ కింద కర్రసాము నేర్పేవాడు. మాది దుత్తలూరు దగ్గర పల్లె. ఇరవై ఏళ్ల వయసులో ఆయన దగ్గర చేరాను. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. మహా కఠినుడు. అడుగు తప్పు పడితే మడమ మీద పడేది దెబ్బ. తెల్లవారకముందే కొండ ఎక్కించి, దిగేదాకా గుక్కెడు నీళ్లు తాగనిచ్చేవాడు కాదు. గొప్పలు చెప్పుకున్నవాడికి ఆ వారమంతా కర్ర లేదు, చీపురే. "కులం చెప్పుల పక్కన ఇడిచి లోపలికి రండిరా" అనేవాడు. అటువంటి మనిషి నా పెద్దకూతురు పుట్టేటప్పుడు మంత్రసాని కోసం వింజమూరు దాకా నడిచిపోయాడు. నాకు గురువు, స్నేహితుడు కూడా. రెండూ ఒకే మనిషి కావడం నా అదృష్టమని అప్పట్లో అందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. పోటీలో మధ్యవర్తి ఉండడు. కర్ర ఎవరికి తగిలిందో వాడే తన కర్ర దించి, "తగిలింది" అని నోటితో చెప్పాలి. కొట్టినవాడు ఆ మాట కోసం ఆగాలి. తగిలింది లేనిది ఒంటికి తెలిసినట్టు చూసేవాళ్ల కంటికి తెలియదనేవాడు ఉస్తాదు. పైగా ఆయన కర్ర ఒంటికి ఆని ఆగిపోయేది, ఎముక దాకా దిగేది కాదు. అలా ఆపడమే అసలు విద్య అనేవాడు.

ధాత నామ సంవత్సరంలో పెద్ద కరువు వచ్చింది. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. ఆ ఏడు బలుసాకు కూడా మిగల్లేదు. పశువులు ముందు పోయాయి, తరువాత ముసలివాళ్లు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ఏడవడం కూడా మానేసింది. ఉస్తాదు ఇంట్లో తల్లి, భార్య, నాలుగేళ్ల కూతురు.

ఆత్మకూరులో ఒక పెద్ద రైతు తన ధాన్యం పాతర్లకు కావలి మనిషిని వెతుకుతున్నాడనీ, కూలి జొన్నల్లోనే ఇస్తాడనీ కబురొచ్చింది. వచ్చింది ఉస్తాదుకు. ఆయన మా పల్లెకు వచ్చి నన్నూ వెంటబెట్టుకున్నాడు. ఇద్దరికీ పని అడుగుదామన్నాడు. ఇది మరిచిపోకండి. నేనైతే మరిచిపోలేదు. పిలవకపోయి ఉంటే నేను అక్కడ ఉండేవాణ్ణే కాదు.

ఆ రైతు మమ్మల్ని ఎగాదిగా చూసి ఒక్కడు చాలన్నాడు. ఎవరు గెలిస్తే వాళ్లకే పని. వాకిట్లోనే బరి గీశారు. ఉస్తాదు నవ్వాడు. గురువుతో పోటీ ఏమిటని నేను తప్పుకుని ఉండొచ్చు. తప్పుకోలేదు. చిన్నదాని ముఖం కళ్లముందు ఉందని మీతో అనొచ్చు. ఉంది, నిజమే. కానీ దాన్ని అడ్డం పెట్టుకోను. ఆకలి ఆయన ఇంట్లోనూ ఉంది.

పట్టుమని పది ఊపిర్ల సేపు ఆడామేమో. ఆయన కర్ర నా కుడి పక్కటెముకల మీద ఆనింది. ఆని, ఆగింది. ఆ కూలి దొరక్కపోతే తన పిల్లకు కూడు లేని రోజున కూడా నన్ను నొప్పించకుండా ఆపాడు. గట్టిగా కొట్టి ఉంటే అందరూ చూసేవారు. ఎవరూ చూడలేదు. ఆయన కట్టుబాటు ప్రకారం కర్ర దించి నా ముఖంలోకి చూశాడు, ఆ మాట కోసం.

నేను కొట్టాను. దించిన చేతి మీద, మణికట్టు మీద, ఉన్న బలమంతా పెట్టి. ఎముక విరిగిన చప్పుడు వాకిట్లో అందరికీ వినిపించింది.

ఆయన చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నొప్పితో పెదవులు తెల్లబడ్డాయి.

"తగల్లేదేందిరా?" అన్నాడు మెల్లగా.

"లేదు ఉస్తాదూ."

కాసేపు నన్నే చూశాడు. తరువాత ఆ రైతు వైపు తిరిగాడు.

"వాడు లేదన్నాడంటే లేనట్టే. నా చేతి కింద తయారైనోడు అబద్ధం ఆడడు. నాకే వయసు మీద పడినాది. వాణ్ణే పెట్టుకోండి రెడ్డిగారూ."

నేను తలెత్తలేదు. ఆయన ఒంటిచేత్తో కర్ర ఎత్తుకుని ఉదయగిరి దారి పట్టాడు.

ఆ విద్యతోనే ఆకలిగొన్నవాళ్లను పాతర్ల దగ్గరికి రానీయకుండా తరిమాను. నా పిల్లలు బతికారు. మొదటి కూలి జొన్నల్లో సగం మూటగట్టుకుని ఉదయగిరి పోయాను. తలుపుకు తాళం. సముద్రం వైపు కాలువ తవ్వే కరువు పనికి నలుగురూ పోయారన్నారు. వంకరగా అతుక్కుంటున్న చెయ్యి గడ్డపార పట్టదు కదా. మట్టి తట్టలు మోశాడట. వానలు పడ్డాక తిరిగొచ్చారు. వచ్చింది ఇద్దరే, ఆయనా భార్యా.

అప్పుడైనా చెప్పవలసింది. ఏమని చెప్పను? ఆ పాప పేరు ఎత్తకుండా ఎలా చెప్పను?

ఉస్తాదు ఎడమచేత్తో మళ్లీ నేర్పడం మొదలుపెట్టాడు. ఏటా కొత్తగా చేరినవాళ్లకు, నేను వెళ్లిన రోజున, నా ఎదుటే, ఆత్మకూరు సంగతి చెప్పేవాడు. "నా కర్రే పొరబడినాది, వీడి మాట నిజం" అనేవాడు. ఆ మాట ఊళ్లు దాటింది. గట్టు తగాదా వచ్చినా, ఆలుమగల గొడవ వచ్చినా సాక్ష్యానికి నన్ను పిలవడం మొదలుపెట్టారు. అనంతసాగరం నుంచి కూడా వచ్చేవారు. ఆయన ఇచ్చిన ఆ పేరు మీదనే ఇన్నేళ్లూ పెద్దమనిషిగా బతికాను.

ఆయనకు తెలియదా? కర్ర కొస ఎక్కడ ఆనిందో పట్టిన చేతికి తెలియకుండా ఉంటుందా, అందులోనూ ఆయన చేతికి? మరెందుకు అలా అన్నాడు? నా పిల్లల మీద జాలా? పదిమందిలో శిష్యుణ్ణి దొంగను చేయలేకా? లేక తన చేతికంటే నన్నే నమ్మాడా? మూడోది నిజమైతే నేను బతకడం కష్టం. ఇంకొకటి ఈమధ్యే తోచింది. ఏటా నా ఎదుట ఆ కథ చెప్పి, కాసేపు నావైపు చూసి ఆగేవాడు. పొగుడుతున్నాడని తల వంచుకునేవాణ్ణి. అది పొగడ్త కాదేమో. అప్పటికీ నా మాట కోసమే ఆగాడేమో.

ఆయన పోయి రెండేళ్లు. మట్టి వేసేటప్పుడు కూడా నేను చెప్పలేదు. క్షమించమని ఎవరినీ అడగను. క్షమించగలిగినవాడు లేడు, ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. అయితే ఉదయగిరిలో ముసలివాళ్లు ఇప్పటికీ, ఎంత ఉస్తాదైతేనేం, ఆత్మకూరులో శిష్యుడి చేతిలో ఓడాడు కదా అంటుంటారు. పక్కనే కూర్చుని వింటుంటాను.

ఓడలేదు. ఆ పొద్దున ఆయనే గెలిచాడు. ఆయన గెలిచిన కూడు నేను తిన్నాను, నా పిల్లలకు పెట్టాను. తగిలింది. చెప్పేశాను.