ఆ తూటా మల్లేశ్ అంకుల్‌ది కాదు

అదీ కాక, టీవీ వేట ప్రోగ్రామ్‌లో ఒక్క తూటాకే దుప్పి కూలిపోవడం ఏంటండీ? ఏడు నిమిషాల్లో కొండెక్కడం, ఎనిమిదో నిమిషంలో కాల్చడం, తొమ్మిదో నిమిషంలో దాని కొమ్ములు పట్టుకుని పళ్లికిలించడం. వెనకాల గిటారు మోత. మొహానికి ఆ బురద ఉందే, అది వాగులోది కాదు, మేకప్ డబ్బాలోది. ఆ డబ్బా మోసింది నేనే కాబట్టి నాకు తెలుసు. మీలాంటివాళ్లు ఆ ప్రోగ్రామ్ చూసి వేటగాళ్లంతా రాక్షసులనుకుంటారు. ఇంకొకరు చూసి, ఓస్ ఇంతేనా అనుకుంటారు. నిజంగా వేటకెళ్లేవాళ్లు మాత్రం సగంలోనే టీవీ కట్టేస్తారు. అందరికంటే ఎక్కువ కడుపు మండేది వాళ్లకే.

నాకూ మండుతుంది. కానీ నా మంట వేరు. నాలుగేళ్లుగా ఒక బరువు లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ ప్రోగ్రామ్‌లో ఒక మంచి మనిషి పరువు తీశారు. తీశారు అంటున్నాను చూశారా? ఇన్నేళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. తీసింది నేను.

మొదట్నుంచీ చెప్తాను. నేను విజయవాడలో పుట్టి పెరిగినదాన్ని. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ తెలుసు గానీ అడవి తెలీదు. మీడియా కోర్సు చదవడానికి న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ వచ్చాను, సిటీలో నలుగురమ్మాయిలం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. చదువయ్యాక 2014లో ఒక చిన్న కంపెనీలో ఎడిటింగ్ అసిస్టెంట్ ఉద్యోగం దొరికింది. వాళ్లు తీసేది వేట ప్రోగ్రామ్. నాకు వేటైతే ఏంటి, వంటైతే ఏంటి, వీసాకి లెటర్ ఇస్తే చాలు అనుకున్నాను.

మల్లేశ్ అంకుల్‌ది కరీంనగర్ వైపు. ఆక్లాండ్‌లో బస్సు డ్రైవర్. ఒకసారి ఆయన బస్సులో కూర్చుని ఫోన్‌లో మా అమ్మ మీద అరుస్తున్నాను. దిగేటప్పుడు, "అమ్మతోని గట్ల మాట్లాడతరా బిడ్డా? బస్సంత ఇంటున్నది. నయం, తెలుగు నాకొక్కనికే వచ్చు" అన్నాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ తరవాత ఆదివారాలు సిటీ శివార్లలో, పాపకూర అనే పేటలో వాళ్లింట్లోనే నా భోజనం. సుజాత ఆంటీ దుప్పి మాంసం కూర వండేది. మా ఫ్లాట్‌కీ, ఇంకో మూడు ఫ్లాట్‌లకీ ఆ మాంసం ఐస్‌బాక్స్‌లో తెచ్చిచ్చేవాడు అంకుల్.

ఆయన ఊళ్లో కోడిని కూడా కోసినవాడు కాదు. వేట నేర్పింది కెన్ అనే కివీ, అంటే ఈ దేశంవాడే. డిపోలో అంకుల్‌తో పనిచేసి రిటైరయ్యాడు. ఆక్లాండ్‌కి దక్షిణంగా కొండల అంచున ఆయనకి పొలం ఉంది, దానికి ఆనుకుని అడవి. ఇక్కడ ఒకరి పొలంలో తుపాకీతో అడుగుపెట్టాలంటే ఆ రైతు సరే అనాలి. కెన్ నోటి నుంచి ఆ సరే రావడానికి అంకుల్‌కి మూడేళ్లు పట్టింది. సెలవు రోజుల్లో వెళ్లి కంచెలు బిగించాడు, గొర్రెల్ని తోలాడు. అప్పటిదాకా తుపాకీ ముట్టనివ్వలేదు. కెన్ పెట్టిన షరతులు రెండే. జంతువు వెనకాల ఏముందో కనపడకపోతే కాల్చకూడదు. దెబ్బతిన్న జంతువుని వదిలేసి రాకూడదు.

మా ప్రోగ్రామ్ వస్తే అంకుల్ సోఫాలో కుదురుగా కూర్చునేవాడు కాదు.

"గీ సోకులు వేటనా బిడ్డా? దెబ్బ తిన్న జీవం ఎటు వోయిందో ఒక్కడన్న చూపెట్టిండా? మాంసం మోసుకొచ్చినోణ్ని ఒక్కణ్నన్న చూసినవా? కొమ్ములు పట్టుకొని ఇకిలించుడే."

"అయితే మీరే వచ్చి చూపించండి అంకుల్," అన్నాను. ఊరికే అనలేదు. ఆఫీసులో కొత్త మొహం కావాలంటున్నారు. ఇండియన్ వేటగాడంటే ప్రొడ్యూసర్ ఎగిరి గంతేస్తాడని తెలుసు. గంతేశాడు కూడా. అంకుల్ కెన్‌ని అడిగి పొలంలో షూటింగ్‌కి ఒప్పించాడు. కెన్ ఆ వారం ఊళ్లో లేడు. "నీ మాట మీద ఇస్తున్నా," అన్నాడట.

ఏప్రిల్ నెల, ఇక్కడ చలి మొదలయ్యే కాలం. మగ దుప్పులు అరిచే రోజులు. పొద్దున్నే మంచులో, తడి గడ్డి మీద బోర్లా పడుకుని ఉన్నాం. అంకుల్, ఆయన పక్కన మా ప్రెజెంటర్ క్రెయిగ్, వెనక కెమెరా, ఇంకా వెనక నేను. నా చేతిలో ఫోన్. అది లేకపోతే ఆ చెయ్యి నాది కాదనిపిస్తుంది నాకు. తెర వెనక ముచ్చట్లని మా ప్రోగ్రామ్ పేజీలో పెట్టడానికి వీడియోలు తీస్తున్నాను. దుప్పి అరుపు దగ్గరికొస్తోంది. సరిగ్గా అప్పుడు నా ఫోన్ మోగింది.

అంకుల్ వెనక్కి తిరిగాడు. "ఆ ఫోన్ బంద్ చెయ్యి. లేకుంటే పోయి బండిల కూసో," అన్నాడు. తరవాత అదే మాట అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లో. కెమెరామన్ నవ్వాడు. క్రెయిగ్ నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. తప్పు నాదే కదా? నాదే. అయినా నా ఒళ్లు మండిపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇన్నాళ్లూ నేను మరిచిపోయినట్టు నటించింది దీన్నే.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి, మొండిగా మళ్లీ వీడియో తీశాను.

దుప్పి బయటికొచ్చింది. అంకుల్ తుపాకీ భుజానికానించి స్కోప్‌లోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత తల అడ్డంగా ఊపి తుపాకీ దించేశాడు. దాని వెనకాల దట్టంగా పొదలు, ఏముందో కనపడట్లేదు. "ఆగుదాం," అన్నాడు. క్రెయిగ్ ఆగలేదు. పక్కనుంచి తన తుపాకీతో కాల్చాడు. తూటా కడుపులో తగిలింది. దుప్పి పడలేదు. వీపు విల్లులా వంచి, కడుపు నొప్పొచ్చిన మనిషిలా, మెల్లగా అడవిలోకి నడిచిపోయింది.

"ఛ, నా తూటా వెనక్కి పోయింది," అన్నాడు క్రెయిగ్. ఇదంతా నా ఫోన్‌లో పడింది. ఒక నిమిషం నలభై సెకన్లు.

క్రెయిగ్ ఇంకో దుప్పిని చూద్దామన్నాడు. అంకుల్ ఆ మాట విననట్టే అరగంట కదలకుండా కూర్చున్నాడు. వెంటనే తరిమితే అది ఇంకా దూరం పోతుందట, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుందట. తరవాత లేచి, జేబులోంచి టాయిలెట్ పేపర్ చుట్ట తీశాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. దుప్పి నిలబడ్డ చోట ఒక ముక్క కట్టాడు. నెత్తురు చుక్క కనపడిన ప్రతిచోటా, కొమ్మకి ఒక తెల్ల ముక్క. వెనక్కి తిరిగి చూస్తే ఆ ముక్కల వరసే జంతువు పోయిన దారి చెప్తుంది. ఆకు మీద గోరంత మరక కోసం మోకాళ్ల మీద పాకాడు. నాలుగు గంటలు. నా ప్యాంటు ముళ్లకి చిరిగిపోయింది, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టుకుంటూ వెనకే వెళ్లాను.

మధ్యాహ్నం దాటాక దొరికింది. వాగు పక్కన పడుకుని ఉంది, ఇంకా ఊపిరి తీస్తోంది. అంకుల్ రెండో తూటాతో ముగించాడు. తరవాత మాంసమంతా కోసి, సంచిలో పెట్టుకుని, వంగిపోయి మోసుకొచ్చాడు. క్రెయిగ్ కొమ్ములు పట్టుకుని పళ్లికిలించాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఎడిటింగ్ గదిలో ప్రొడ్యూసర్ అంతా చూసి, "క్రెయిగ్ గురి తప్పడం వద్దు. ఏదో ఒకటి చెయ్యి," అని వెళ్లిపోయాడు. ఏదో ఒకటి. అంతే అన్నాడు. గాయం సంగతి మొత్తం ఎత్తేసి, రెండో తూటాకే పడినట్టు చూపిస్తే సరిపోయేది. అబద్ధమే, కానీ ఎవరికీ తగిలే అబద్ధం కాదు. నేను అది చెయ్యలేదు. అంకుల్ స్కోప్‌లోంచి చూస్తున్న ముక్క తీసుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపకముందే ఆపేశాను. దాని మీద తుపాకీ మోత వేశాను. తరవాత దుప్పి వీపు వంచడం. తరవాత క్రెయిగ్ తల పట్టుకోవడం, అది వేరే రోజుది. తరవాత అంకుల్ జేబులోంచి టాయిలెట్ పేపర్ తియ్యడం. దాని కింద జోకర్ సంగీతం కూడా పెట్టాను.

నన్నెవరూ పెట్టమనలేదు.

ఎందుకు పెట్టాను? వీసా భయంతోనా? ఇన్నేళ్లూ అదే చెప్పుకున్నాను, ఆ సాకు వినడానికి కాస్త జాలిగా ఉంటుంది కాబట్టి. కానీ ఆ సంగీతం ఎంచుకునేటప్పుడు నాకు భయం లేదు. నవ్వు ఉంది. నలుగురిలో నన్ను బండిలో కూర్చోమన్న మనిషి ఇప్పుడు నలుగురిలో ఎలా కనపడతాడో చూద్దామన్న కసి ఉంది. ఇది రాస్తుంటే నా నోరు నాకే చేదుగా ఉంది.

ప్రొడ్యూసర్ చూసి భుజం తట్టాడు. ఎపిసోడ్ వచ్చింది. మామూలు జనానికి ఆ పేపర్ ఒక జోకు. వేటగాళ్లకి మాత్రం దాని అర్థం తెలుసు. పేపర్ తీశాడంటే గాయం చేసినవాడే వెతుకుతున్నాడని. ఆయన చేసిన ఒక్క నిజాయితీ పనినే ఆయన మీద సాక్ష్యంగా నిలబెట్టాను. వేటగాళ్ల పేజీల్లో ఆయన్ని తిట్టిన తిట్లు ఫోన్‌లో ఒక్కొక్కటీ చదివాను. కొన్ని ఆయన తుపాకీ గురించి. చాలావరకు ఆయన రంగు గురించి.

ఆ ఆదివారం భోజనానికి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానమొస్తుందని. ఆ రోజు దుప్పి కూర లేదు, పప్పుచారు. ఆంటీ పలకరించి లోపలికి వెళ్లిపోయింది.

"గది నువ్వే కట్ చేసినవా బిడ్డా?" అన్నాడు అంకుల్.

"నా చేతిలో ఏముంటుంది అంకుల్? అంతా పైవాళ్లే చేశారు."

"నేనూ గదే అనుకున్న." కాసేపు కంచంలో వేళ్లు కదిపాడు. "తిట్టెటోళ్లు తిట్టని. కెన్ ఫోన్ చేసిండు. గురి తప్పుడు తప్పు గాదు, ఎవనికైన తప్పుతది అన్నడు. నేను కాల్చలేదని చెప్పిన. టీవీల నా కండ్లతోని చూసినంక గూడ అబద్ధమాడుతున్నవు, ఇంక నా పొలానికి రాకన్నడు."

నేను పప్పుచారు కలుపుతూ కూర్చున్నాను.

"నువ్వు ఫోన్‌ల తీసినవు గద. నేను చూసిన, బంద్ చెయ్యమన్నా చెయ్యలే నువ్వు." కొంచెం నవ్వాడు. "గది ఉంటే జర పంపు. కెన్‌కు చూపెడత. ఆయనొక్కనికి తెలిస్తే చాలు."

ఫోన్ నా చేతిలోనే ఉంది. వీడియో ఆ ఫోన్‌లోనే ఉంది. అది బయటికొస్తే కట్ చేసిందెవరో కూడా బయటికొస్తుంది. ఉద్యోగం, లెటర్, ఈ ఇంట్లో నా కంచం.

"లేదు అంకుల్. స్టోరేజ్ నిండిపోతే డిలీట్ చేసేశాను."

"పోనీ తియ్యి," అన్నాడు. "అన్నం పెట్టుకో. ఏం తింటలేవు."

కట్ చేయడం ఒక తప్పు. అది కోపంలో చేశాను. ఇది మాత్రం చల్లగా, అన్నం తింటూ చేశాను. ఈ రెంటిలో ఏది పెద్దదని అడిగితే, రెండోదే అంటాను. ఆయన అడిగింది లోకాన్ని కాదు. ఒక్క మనిషిని. అది కూడా ఇవ్వలేదు.

ఆ తరవాత అంకుల్ తుపాకీ అమ్మేశాడు. ఐస్‌బాక్స్ రావడం ఆగిపోయింది. నాకు లెటర్ వచ్చింది, రెసిడెన్సీ వచ్చింది, ఎక్కడో దక్షిణాన డునెడిన్‌లో ఇంకో ఉద్యోగం వచ్చింది. పాపకూర వెళ్లడం మానేశాను. ఫోన్ మూడుసార్లు మార్చాను. ప్రతిసారీ ఆ వీడియోని కొత్త ఫోన్‌లోకి జాగ్రత్తగా ఎక్కించుకున్నాను. డిలీట్ చేసే దమ్ము లేదు, పంపే దమ్మూ లేదు. దాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

పోయిన వారం పంపాను. కింద రాశాను: "కట్ చేసింది నేనే అంకుల్. వీడియో ఎప్పుడూ నా దగ్గరే ఉంది." చదివినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు భోజనం వేళకి జవాబొచ్చింది.

"చూసిన బిడ్డా. సాఫ్ వచ్చింది. కెన్ పోయిన ఏడు చనిపోయిండు."

అంతే. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. ఆ తరవాత నేను ఏం రాసినా నీలం గీతలు పడుతున్నాయి గానీ జవాబు రావట్లేదు. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు, అడగను.

ఇదంతా చెప్పాక ఛాతీలో ఏదో కాస్త సడలింది. నిజం చెప్తున్నాను, ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరి మీద కూడా నాకు అసహ్యమే. చూపించాల్సిన మనిషి మట్టిలో కలిసిపోయాక బయటికొచ్చిన నిజం, నాకు తప్ప ఎవరికి పనికొచ్చింది?

టీవీ అంటే అంతే కదమ్మా, చిన్నదానివి, పరాయి దేశం, నీ స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్లు అంటారని తెలుసు. ఫ్రెండ్స్ ఇద్దరు అప్పుడే అన్నారు. మీరూ అదే అంటారా? అయితే పాపకూర వెళ్లి, మల్లేశ్ అంకుల్ ఎదురుగా కూర్చుని, ఆయన పెట్టిన అన్నం తింటూ ఆ మాట అనగలరా?