తుల్సీబాయి చేతులు కడుక్కోమంది

“మళ్లీ నెల తప్పితే నేను బతుకుతానా అక్కా?”

తుల్సీబాయి గడప దాటకముందే అడిగేశాను. ఆమె మా ఊరి నర్సమ్మ. సకల జనుల సమ్మెతో బస్సులు లేవు. పొద్దున స్టేషన్ ఘన్‌పూర్‌లో సమ్మె శిబిరంలో కూర్చుని, ఎండలో మా ఊరికి నడిచొచ్చింది. చెప్పులు విడిచి, పాదాలు ఒత్తుకుంటూ అరుగు మీద కూలబడింది.

“సమ్మెల ఉన్నవంటిరి, మల్లెందుకొచ్చినవ్?” అంది మా అత్తమ్మ ఉప్పలమ్మ.

“సమ్మె సర్కారుతోటి అవ్వా, నీ మనుమరాలితోటి కాదు. జర నీళ్లియ్యి.”

నా కూతురు నెలలు నిండకముందే పుట్టింది. వరంగల్ దవాఖానలో అద్దాల పెట్టెలో ఉండి, ఈమధ్యే ఇంటికొచ్చింది. రొమ్ము చీకే బలం లేదు. పాలు పిండి చెంచాతో పోస్తున్నాను. అత్తమ్మ దాన్ని ఒక్కసారీ ఎత్తుకోలేదు. “గిది నిలుస్తదో లేదో, జల్ది ఇంకొకలను కనుండ్రి” అని రోజూ అనేది. డిగ్రీలో జీవశాస్త్రం చదివాను, నా ఒంట్లో రక్తం లేదని తెలుసు. వాదించే ఓపికే లేదు.

“పాలిచ్చినన్ని దినాలు కడుపు రాదంటరు గదక్కా?” అన్నాడు నా భర్త మహేందర్.

“పిల్ల రాత్రింబగళ్లు రొమ్ము చీకితెనే గా మాట తమ్మీ. చెంచపాలను నమ్ముకోవద్దు. నెలన్నర దాటినంక కాపర్-టీ వేయిద్దాం. గప్పటిదాంక నువ్వు నిరోధ్ వాడు.”

“అక్కా, అమ్మ ముందట…”

“అమ్మకు తెల్వకుంటనే పుట్టినవా?”

తుల్సీబాయి చేతులు కడుక్కుంది. అత్తమ్మనూ కడుక్కోమంది. పిల్లను తెచ్చి అత్తమ్మ ఒళ్లో పెట్టింది.

“నాకొద్దు! కన్నోళ్లల్ల ఇద్దరిని మట్టిల పెట్టిన. ఎత్తుకున్నంక పోతే నా పానం ఆగది.”

“నేనూ పెట్టిన అవ్వా.” తుల్సీబాయిది దంతాలపల్లి దగ్గర తండా. తొలి కొడుకు నెలలు నిండక పుట్టాడు. ఏడాది తిరగకముందే మళ్లీ కడుపు. “పెద్దోనికి పాలు పోయినయ్, అయినా బతికిండు. ఎంటనే పుట్టిన చిన్నోడే పోయిండు.”

పిల్ల తుమ్మింది. అత్తమ్మ కొంగు లాగి దాని తల మీద కప్పింది.

“తల సల్లగున్నది, టోపీ ఏదే?” అని నన్ను కసిరింది.

పోయేముందు చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ తుల్సీబాయి నాతో అంది: “ఇంకొకల ముచ్చట ఎవ్వలెత్తినా లొల్లి పెట్టుకోకు. చేతులు కడిగిచ్చి దీన్ని ఒళ్లె పెట్టు. ఇది ఉరుకులాడినంకనే ఇంకో బిడ్డ.”

కాపర్-టీ వేయించుకున్నాను. ఇంటికొచ్చిన చుట్టాలు ఇంకో బిడ్డ మాట ఎత్తితే, పిల్లను తేవడానికి లేస్తాను. అప్పటికే అత్తమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంటుంది.