మా కొట్లో ఉండిపోయిన ఫోను

బ్రాడీపేటలో మా నాన్నది పుస్తకాల కొట్టు. ఎదురుగా కాలేజీ. లోపలికి సెల్‌ఫోన్లు తేకూడదని రూలు పెట్టాక, పిల్లలు పొద్దున్నే వాటిని మా వీధి కొట్లలో ఇచ్చి సాయంత్రం తీసుకునేవాళ్ళు. బ్యాగులూ పెట్టుకుందాం, ఆ మొహమాటానికి పెన్నో పుస్తకమో కొంటారు అని ఎత్తు వేసింది నేనే. బ్యాగులు నిండాయి, పెన్నులు మాత్రం అమ్ముడుపోలేదు. ఎవరి బ్యాగూ విప్పి చూడకపోవడం నాన్న మర్యాద.

ఒకరోజు మధ్యాహ్నం ఒక కుర్రాడు వచ్చి తన బ్యాగు తీసుకెళ్ళాడు. కాసేపటికి కాలేజీలో తుపాకీ పేలింది. వాడి క్లాసులోనే చదివే మరో కుర్రాడు చనిపోయాడు. ఆ నాటు తుపాకీ పొద్దుటి నుంచీ ఆ బ్యాగులో మా బల్లకిందే ఉంది. చనిపోయినవాడి ఫోను బల్లమీది డబ్బాలో ఉంది.

ఆ సాయంత్రం కొట్లవాళ్ళంతా మా షట్టరు సగం దించి కూర్చున్నారు.

"గేటు దగ్గర వాచ్‌మన్ ఏం చేస్తున్నట్టు?" అన్నాడు జెరాక్స్ కొట్టాయన.

"కన్నవాళ్ళకుండొద్దూ ముందు బాధ్యత?" అంది పక్క ఫ్యాన్సీ షాపావిడ.

తప్పుకు కూడా బేరం ఉంటుందని అప్పుడే తెలిసింది. తగ్గించుకుంటూ పోయి అందులో మా కొట్ల వాటా పూర్తిగా కొట్టేశారు. పోలీసులొచ్చినా సరే, మేం ఎవరి వస్తువులూ పెట్టుకోమని చెప్పాలి. అందరిదీ అదే మాట. మంచి బేరమే అనుకున్నాను.

ఆ ఫోను మోగుతూనే ఉంది. నాన్న దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

తర్వాత చనిపోయిన పిల్లాడి తండ్రి వచ్చాడు. దర్శి వైపు మిర్చి రైతు.

"మావాడి ఫోను ఇక్కడ పెట్టేవాడంట గదయ్యా. రింగు పోతా ఉంది, ఎవరూ ఎత్తట్లా."

"ఇక్కడ ఫోన్లు పెట్టుకోరండీ, కాలేజీలో అడగండి," అంది పక్కావిడ తన కొట్లోంచే.

"కాలేజీలో కొట్లల్లో అడగమన్నారు. స్టేషన్లో కాలేజీలో అడగమన్నారు. ఇట్టా తిరగడానికేనా తల్లీ, నేనొచ్చింది?"

నాన్న సొరుగు తీసి ఫోను ఆయన చేతిలో పెట్టాడు. "ఆ తుపాకీ ఉన్న బ్యాగూ ఆ పొద్దున మా దగ్గరే పెట్టారండీ. మేం విప్పి చూళ్ళేదు."

రైతు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఈ మాట స్టేషన్లో చెప్తారా?"

"పదండి."

ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళారు. అప్పట్నుంచి వీధిలో మాతో మాటల్లేవు. "మీ ఒక్కళ్ళకేనా మనసుంది?" అని జెరాక్స్ ఆయన ఒకసారి అడిగి, ఆపైన అదీ మానేశాడు.

కాలేజీ మళ్ళీ తెరిచారు. ఫోన్లూ బ్యాగులూ పక్క కొట్లకు చేరాయి. ఇప్పటికీ ఎవరూ విప్పి చూడరు. ఒళ్ళుమండి కాలేజీ ఆఫీసుకు పోయి, ఫోన్లకు లోపలే ఒక గది ఇవ్వండి, గేటు దగ్గర బ్యాగులు చూడండి అన్నాను.

"గేటు బయట సంగతితో మాకు సంబంధం లేదండీ," అన్నాడు గుమాస్తా.

"చచ్చింది గేటు లోపల కదండీ?"

"ప్రిన్సిపాల్‌గారు మీటింగులో ఉన్నారు. రేపు రండి."

మర్నాడూ వెళ్ళాను. ఆయన మీటింగులోనే ఉన్నారు.