దర్జీ బాబాయ్ కంకర సంచి

సైకిల్ మీద కొండెక్కబోయే వాళ్ళెవరైనా ముందు బరువు తగ్గించుకుంటారు. నీళ్ళ సీసా సగమే నింపుకునే వాళ్ళని కూడా చూశాను. మా దర్జీ బాబాయ్ మాత్రం సంచి నిండా కంకర వేసుకుని బయల్దేరేవాడు. పోనీ ఎక్కడికయ్యా అంటే, కంకర దారికి.

ఆయన నాకు సొంత బాబాయ్ కాదు. నా సైకిల్ రిపేరు షాపుకీ ఆయన కుట్టు షాపుకీ మధ్య ఒకటే గోడ. ఊళ్ళో సగం మందికి ప్యాంట్లు కుట్టి, మొత్తం ఊరికి బాబాయ్ అయిపోయాడు. మనిషి మెడలో వేలాడే టేపంత సన్నం. ఆ సంచి కూడా ఆయన కుట్టిందే. పాత టెంటు గుడ్డ, రెండు వరసల కుట్టు. సైకిల్ వెనక కారియర్‌కి రెండు పక్కలా వేలాడేది.

దాని పుణ్యమా అని వెనక చక్రంలో స్పోకులు తెగ విరిగేవి.

"బాబాయ్, ఇది సైకిలా, లారీనా?"

"డాక్టరు బరువు పెంచుకోమన్నాడురా."

"ఒంట్లో పెంచుకోమన్నాడు. సంచిలో కాదు."

"ఎక్కడ పెరిగితే ఏంరా, తూకం తూకమే కదా! నువ్వు స్పోకు బిగించు."

ఇంకో వారం అడిగితే గాలికి కొట్టుకుపోకుండా అన్నాడు. మరోసారి, అడవిలో కుక్కలుంటాయి, కొట్టడానికి అన్నాడు. ఆ ఆదివారమే ఒక కుక్క నిజంగానే అడ్డం వచ్చింది. బాబాయ్ దిగి, జేబులోంచి బిస్కెట్ తీసి పెట్టాడు.

"మరి రాళ్ళో?" అన్నాను.

"ఇది మంచి కుక్కరా."

ఊరి చివర అడవి మొదట్లో ఒక గేటుంది. మోటారు బండ్లన్నీ అక్కడితో ఆగిపోవాల్సిందే. గేటు పక్క సందులోంచి సైకిల్ దూర్చామంటే ఇక హారన్ మోత ఉండదు, పొగ ఉండదు. టైర్ల కింద కంకర కరకరలాడుతుంటే చెట్ల మధ్య నుంచి కొండ ఎక్కడం, అవతల చెరువులోకి దిగిపోతామేమో అన్నంత వేగంగా దిగడం. ప్రతి ఆదివారం నేనూ, పోస్ట్‌మాన్, మా వదిన, బాబాయ్ వెళ్ళేవాళ్ళం. ఆసుపత్రిలో నర్సయిన మా వదిన మా అందరికన్నా ముందుండేది. వార్డులో నడిచినట్టే తొక్కేది, వెనక ఎవరు పిలిచినా ఆగకుండా.

అలాంటి వదిన ఆగిపోయింది.

ఒక వానాకాలం నీళ్ళు చెరువు వైపు దిగే వాలుని అడ్డంగా కోసేసి గండి పెట్టాయి. వదిన పైనే ఆగి తటపటాయించింది. ముందే దిగిన బాబాయ్ కింద నుంచి, "ఏం కాదమ్మా, ధైర్యంగా వదిలెయ్!" అని కేకేశాడు. వదిన వదిలేసింది. ముందు చక్రం గండిలో దిగబడింది. వదిన మాత్రం ఆగలేదు. మెడ కింద ఎముక విరిగింది.

పడ్డ చోట నుంచే బాబాయ్‌ని చూసి, "ఏం కాదన్నావుగా!" అంది. తర్వాత కట్టు కట్టించుకుని వచ్చి సైకిల్ నా షాపులో పెట్టించింది. "ఆ గండి ఉన్నంతకాలం నేను మళ్ళీ సైకిలెక్కను. చెరువు మొహం చూడను." అమ్మెయ్యనా అంటే వద్దంది. ఆ సైకిల్ పైన కొక్కానికి వేలాడుతూ ఉండిపోయింది.

బాబాయ్ ప్రతి ఆదివారం దాని టైరు నొక్కి చూసేవాడు.

"గాలి కొట్టరా."

"ఎక్కని బండికి గాలెందుకు బాబాయ్?"

"నే చెప్తున్నాగా, కొట్టు."

కొట్టేవాణ్ణి. పెద్దాయన మాట.

అప్పటినుంచి మేం చెరువుకి పైదారిన చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం. బాబాయ్‌కి కంకర సంచి పిచ్చి పట్టింది కూడా ఆ రోజుల్లోనే. బాబాయ్ మాత్రం, "ఈ బరువుతో అంత ఎత్తు నావల్ల కాదురా, నేను పాతదారినే నడిపించుకుంటూ వస్తా" అని విడిపోయేవాడు. బరువు దించుకోవచ్చు కదా అంటే వినపడనట్టు ఉండేవాడు. చెరువు దగ్గర ఆయన కోసం మేం ఎదురు చూసి చూసి ఆవలించాక, చేతులు దులుపుకుంటూ వచ్చేవాడు. అందరం పైదారినే తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆయన్ని పట్టుకోవడం మావల్ల అయ్యేది కాదు. సంచి ఖాళీగా టపటపా కొట్టుకుంటూ ఉండేది.

"కంకరేం చేశావు బాబాయ్?" అని పోస్ట్‌మాన్ వెనక నుంచి అరిచేవాడు.

"ఆకలేసింది, తినేశా!"

ఒకసారి నాకు విసుగొచ్చి అడిగాను. "అడవి నిండా రాళ్ళే కదా, కావాలంటే అక్కడ ఏరుకోవచ్చు. ఇంటి నుంచి మోసుకురావడం ఎందుకు?"

"అవి గుండ్రాళ్ళురా. ఒకదాన్నొకటి పట్టుకోవు" అన్నాడు. అదేదో వేదాంతం అనుకున్నాను.

ఇంతకీ ఆ కంకర బాబాయ్ భార్యది, మా పిన్నిది. ఇంటి ముందు బురద కాకుండా పరిపించుకుందామని, రంగు కుదరక ఎన్నో చోట్ల తిరిగి, చివరికి గులాబి రంగుది ఎంచి తెప్పించుకుంది. పరిచే ముహూర్తమే రాలేదు గానీ కుప్ప మాత్రం ఆదివారం ఆదివారం తరిగిపోతోంది. పిన్ని అనుమానం పాలవాడి మీద పడింది. పాపం, అతను గుమ్మం దిగేటప్పుడు పిన్ని అతని క్యాన్ వంక అదోలా చూసేది.

"పాలక్యాన్‌లో ఎంత పడుతుంది పిన్నీ? వేరే దొంగ ఎవరో ఉండుంటాడు" అని పోస్ట్‌మాన్ కావాలని ఆ మాట ఎత్తేవాడు. బాబాయ్ అప్పుడు ఆకాశం వంక చూసేవాడు, వానొస్తుందేమో అన్నట్టు. మేమెవరమూ ఆయన్ని పట్టివ్వలేదు. అంత మంచి వినోదాన్ని ఎవరు పాడు చేసుకుంటారు?

ఒక వేసవి చివర ఆయన వట్టి సంచితో వచ్చాడు. నేను చక్రం వంక చూసి, "ఏంటి బాబాయ్, డాక్టరు మారాడా?" అన్నాను. నవ్వాడు.

"ఈసారి వానలు వెలిశాక మీ వదినని ఓసారి చెరువు దాకా తీసుకురా. చూపించాల్సింది ఒకటుంది."

"ఇప్పుడే పిలువు. అడగ్గా అడగ్గా మెత్తబడుతోంది."

"ఇప్పుడు కాదు. ఒక్క ఉతుకు పడనీ" అన్నాడు.

ఇది మాత్రం నాకు తెలిసిన మాటే. కొత్తగా కుట్టిన ఏ బట్టనీ బాబాయ్ ఉతకకుండా ఇచ్చేవాడు కాదు. ఉతుకు తట్టుకున్నాకే కుట్టు కుట్టన్నట్టు అనేవాడు. వదినకేదో చొక్కా కుడుతున్నాడు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఆ యేడు వానలు గట్టిగా పడ్డాయి. వానల మధ్యలో బాబాయ్‌కి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. వదిన పనిచేసే వార్డులోనే ఉన్నాడు. పిలవకుండానే వదిన తన డ్యూటీ అయ్యాక కూడా పక్కన కూర్చునేది. "వాన తగ్గిందా అమ్మా?" అని అడిగేవాడట. వాన తగ్గకముందే ఆయన వెళ్ళిపోయాడు.

వెలిశాక వదినని బతిమాలాను. "బాబాయ్ చెప్పాడు వదినా. ఏదో చూపించాలన్నాడు."

చాలాసేపటికి, "గండి దగ్గర దిగి నడుస్తాను. వెనక నుంచి ఎవరూ ధైర్యం చెప్పకూడదు" అంది.

సైకిల్ దించాను. టైర్లలో గాలి ఉంది.

వాలు మొదట్లోనే వదిన దిగిపోయింది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ దిగింది. వెనక మేం సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చాం. చూస్తుండగానే చెరువు వచ్చేసింది.

"గండేదయ్యా?" అంది వదిన.

"ఇంకా రాలేదేమో."

"చెరువొచ్చిందిగా! ఇంకెక్కడ, నీళ్ళలోనా?"

మళ్ళీ పైకి ఎక్కాం, మళ్ళీ దిగాం. అడ్రసు తప్పు రాసిన ఉత్తరం పట్టుకున్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు పోస్ట్‌మాన్. వదినకి కోపం వచ్చింది. "నా ఎముక విరిగిన చోటు నాకు తెలీదా? ఇదిగో వంగిన చెట్టు. ఇక్కడే!"

అక్కడ దారి చదునుగా ఉంది. మీద ఎండుటాకులు, అంచుల్లో లేత గడ్డి. స్క్రూడ్రైవర్‌తో గీరాను. మట్టి కింద నుంచి గులాబి రంగు రాయి బయటపడింది.

నేను చేత్తో పని చేసుకునే వాణ్ణి. పని చూస్తే అర్థమవుతుంది. అడుగున పెద్ద రాళ్ళు, పైన పలుకుల కంకర, ఆ పైన మట్టి. పగలగొట్టిన కంకర కాబట్టి అంచు అంచునీ పట్టుకుని కూర్చుంది. నీళ్ళు పోవడానికి పక్కగా ఏటవాలు కాలువ కూడా ఉంది, అంచు మడిచి కుట్టినట్టు. అంత వాన మీద నుంచి వెళ్ళింది, ఒక్క పోగు ఊడలేదు. చిరుగు ఎక్కడుందో మాకే దొరకలేదు. ఈ మాట చెప్పడానికి పక్క షాపులో మనిషి లేడు.

వదిన సైకిల్ తిప్పి పైదాకా తీసుకెళ్ళి ఎక్కింది. కింద నుంచి ఏం కాదమ్మా అనడానికి ఎవరూ లేరు. పోస్ట్‌మాన్ నోరు తెరిచి మూసేశాడు. వదినే బ్రేకు వదిలేసింది. మా పక్క నుంచి దూసుకుపోయి, చెరువు గట్టున ఆగి, చాలాసేపు నీళ్ళ వైపే తిరిగి నిలబడింది.

"నేను ఒక్క యేడు ముందు రావాల్సింది" అంది మేం చేరాక. "వచ్చుంటే బాబాయ్‌ని నాలుగు తిట్టేదాన్ని."

పిన్నికి చెప్పక తప్పలేదు. పాలవాడు నిర్దోషి అని తేలాక, "నన్నూ తీసుకెళ్ళు, చూస్తాను" అంది. ఆ తర్వాతి ఆదివారం నా కారియర్ మీద కూర్చుంది, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని. చిన్న మనిషి, అయినా కొండ ఎక్కుతుంటే నాకు నాలుక బయటికొచ్చింది.

వంగిన చెట్టు దగ్గర దిగి, జాకెట్టు కుట్టు చూసుకున్నట్టు ఆ మేరంతా ఈ చివరి నుంచి ఆ చివరికి కాలితో నొక్కి చూసింది. ఒక మూల ఆగి వంగింది.

"ఇక్కడ పల్చగా వేశాడు చూడరా. గుడ్డ మిగుల్చుకునే బుద్ధి చివరిదాకా పోలేదు."

అని, చేతిసంచి విప్పి బోర్లించింది. గులాబి రంగు కంకర.

తిరిగొచ్చేటప్పుడు సైకిల్ తేలిగ్గా వచ్చింది. షాపు తెరిచి చూసుకుంటే వెనక చక్రంలో ఒక స్పోకు విరిగి ఉంది.